మీదికొచ్చే బండి నంబరు

పక్కింటి అబ్బాయి కొత్త కారు కొన్నాడు. వారం తిరక్కముందే దాని ముందు నంబరు పలక ఊడదీసి డిక్కీలో పడేశాడు. ఎందుకయ్యా అంటే, పలక వల్ల బండి ముఖం అందం చెడుతోందట. "వెనక ఉంది కదవ్వా, ఒకటి చాలు. కొన్ని దేశాల్లో ముందుది అసలు అడగనే అడగరు" అన్నాడు. నేను లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. లేచాను. నీళ్ళు తాగి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆ బోసి ముఖం వీధి వైపే తిరిగి ఉంది. మా అత్త ఉండి ఉంటే ఆ పిల్లవాణ్ణి అంత తేలికగా వదిలేది కాదు.

అత్త అంటే మా నాన్నకు అక్క. బళేపేటలో మా ఇంట్లోనే ఉండేది. ఆమె పూర్తిగా కూర్చోగా నేను చూడలేదు. పీట మీద కూర్చున్నా ఒక మోకాలు ఎత్తి పెట్టుకుని, ఒక చెయ్యి నేలకు ఆనించి, లేవడానికి సిద్ధంగా ఉండేది. అన్నం తింటూ ఉండగా రోడ్డు మీద హారను వినిపిస్తే ఎంగిలి చేత్తోనే గడప దాటేది. బండి ఎదురుగా వచ్చేదాకా నిలబడి, దాని నంబరు పైకి చదివి, లోపలికి వచ్చి మిగతా అన్నం కలుపుకునేది. అన్నం ముందునుంచి అలా లేవకూడదని మా అమ్మ మొదట్లో చెప్పి చూసింది. తర్వాత చెప్పడం మానేసి, ఆమె విస్తరి గడప పక్కనే వేయడం మొదలుపెట్టింది.

ఆమె నడిస్తే వెంట నడవడం కష్టం. చిక్కపేట సందుల్లో నేను పరుగెత్తాల్సి వచ్చేది. మలుపు దగ్గర మాత్రం ఠక్కున ఆగేది. గోడకు భుజం ఆనించి, తల ఒక్కటే బయటికి చాపి, ఏ బండీ రావడం లేదని చూసుకుని, నా మణికట్టు పట్టుకుని ఒక్క ఊపున దాటించేది. నా మణికట్టు మీద ఆమె గాజు ఒత్తుకునేది కాదు, ఎందుకంటే ఆమెకు గాజులు లేవు. వేళ్ళే ఒత్తుకునేవి.

"ముందు చూపించు" అనేది ఆమె మాట. వంకాయలమ్మే మనిషి బుట్ట దింపితే "పైవి తీసి ముందు చూపించు" అనేది. ఎవరైనా గుమ్మం దగ్గర నిలబడి తలుపు చాటునుంచి పిలిస్తే "ముందుకొచ్చి ముఖం చూపించు, ఆమీద మాట్లాడు" అనేది. చుట్టాలకు కోపాలు వచ్చేవి. ఆమెకు పట్టేది కాదు.

ఆమె మొదటినుంచీ ఇలా లేదు. నాకు గుర్తున్న పాత అత్త మధ్యాహ్నమంతా కాళ్ళు చాపుకుని పూలు కట్టే మనిషి. మార్పు వచ్చింది 1943 నవరాత్రుల్లో. 1942 అని మా తమ్ముడు వాదిస్తాడు. అప్పుడు వాడికి పాలపళ్ళు. నాకు పన్నెండేళ్ళు, పైగా నా దగ్గర లెక్క ఉంది. కార్ల వెనక బొగ్గు గ్యాసు డ్రమ్ములు వచ్చిన తర్వాతే అది జరిగింది.

యుద్ధం రోజులు. పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవాళ్ళు, అదీ చాలేది కాదు. అందుకని చాలామంది బండి వెనక ఇంత పొడుగు డ్రమ్ము బిగించి, అందులో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో బండి నడిపేవాళ్ళు. డ్రమ్ము చాటుకు వెనక నంబరు పోయేది. కొందరు డ్రమ్ము మీదే సుద్దతో రాసుకునేవాళ్ళు, మసికి అది నిలిచేది కాదు. ఇక బండి ఎవరిదో తెలియాలంటే ముందు పలకే దిక్కు. ఏడాది పొడుగునా అది కనిపించేది. ఆయుధపూజ నాడు మాత్రం కనిపించేది కాదు.

మా ఊళ్ళో నవమి నాటి ఆయుధపూజ అంటే బండ్లకు పెళ్ళే. పొద్దున్నే కడిగి, రెండు పక్కలా అరటి పిలకలు కట్టి, ముందు సేవంతి దండ వేస్తారు. బానెట్టు వంపుగా ఉంటుంది, రేడియేటరు జల్లెడలా ఉంటుంది. పసుపు పూసి బొట్టు పెట్టడానికి చదునైన చోటు నంబరు పలక ఒక్కటే. కాబట్టి అందరూ అక్కడే పూసేవాళ్ళు, దాని మీదికే దండ వచ్చేలా కట్టేవాళ్ళు. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. పోలీసుల లారీకి కూడా అలాగే చేసేవాళ్ళు.

దండ కట్టడంలో మా నాన్న చెయ్యి మంచిది. ఆయన చిక్కపేటలో ఒక పట్టుచీరల సావుకారు గారి కారు నడిపేవాడు. సావుకారు బండి పని ముగించాక చుట్టుపక్కల డ్రైవర్లు ఎవరు పిలిచినా వెళ్ళి కట్టి వచ్చేవాడు. బండి ఎంత ఎగిరినా ఆయన ముడి జారదని పేరు.

మామ, అంటే అత్త భర్త, ఒక జవళి అంగడిలో బట్ట కొలిచే గుమాస్తా. ఆ నవమి నాడు గజం బద్దకు పూజ ముగించుకుని, బొరుగుల పొట్లం చేత పట్టుకుని ఇంటికి వస్తున్నాడు. రోడ్డు మధ్య ఎవరో బూడిదగుమ్మడికాయ పగలగొట్టి పోయారు. సైకిళ్ళు జారతాయని ఆయన ఆగి, చెప్పుతో ముక్కల్ని పక్కకు తోస్తున్నాడు. దండు వైపునుంచి, అంటే కంటోన్మెంటు వైపునుంచి వచ్చిన కారు ఒకటి ఆయన్ను కొట్టి ఆగకుండా పోయింది. చూసినవాళ్ళు చాలామందే. ఎదురునుంచి చూసినవాళ్ళు "సేవంతి పూలు, పసుపు" అన్నారు. వెనకనుంచి చూసినవాళ్ళు "డ్రమ్ము, పొగ" అన్నారు. ఆ రోజు ఊళ్ళో బండ్లన్నీ సేవంతి పూలు, పసుపు, డ్రమ్ము, పొగే.

సావుకారు గారు మంచివారు. మామను ఆసుపత్రికి తీసుకుపోయింది ఆయన కారులోనే, మర్నాడు ఇంటికి తెచ్చిందీ ఆ కారులోనే. తెచ్చేటప్పటికి మామ లేడు.

పోలీసు స్టేషనుకు అత్త తానే వెళ్ళింది. అక్కడి మనిషి చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. "నంబరు లేకుంటే నేనేం చేసేదమ్మా? సేవంతి పూలని రాసుకోవల్నా?" అన్నాడు. ఆ మాట ఆమె మా అమ్మకు చెప్పింది, మా నాన్నకు చెప్పింది, ఇంటి ముందు పోయే వాళ్ళను ఆపి చెప్పింది. కోపంతో చెప్పినట్టు ఉండేది కాదు. జవాబు తెలియని లెక్కను పదిమందిని అడిగినట్టు ఉండేది.

కర్మలు అయిన తర్వాత ఒక మధ్యాహ్నం మా నాన్నను అడిగింది. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను.

"ఆ పొద్దు ఎవరెవరి గాడికి దండ కట్టినావప్పా?" బండిని మా వైపు గాడి అనేవాళ్ళు.

"పిలిచినోళ్ళకంతా కట్టినానక్కా."

"దండు గాడ్లకు కూడా?"

"వాటికీ కట్టినా."

"అయితే అది నువ్వు కట్టిన దండే కావచ్చు."

"కావచ్చు" అన్నాడు నాన్న. ఆయన గొంతు నాకు వినిపించీ వినిపించనట్టు ఉంది. "అదే నాకూ నిద్ర పట్టనీదక్కా. నా ముడి జారి ఉంటే ఎవరో ఒకరు చదివేవాళ్ళు."

"నిన్ను అనలేదప్పా. తెలుసుకుందామని అడిగినా" అని ఆమె లేచి బయటికి వెళ్ళింది. రోడ్డు మీద హారను ఏదీ వినిపించలేదు, అయినా వెళ్ళింది. ఆ తర్వాత నాన్న వేరేవాళ్ళ బండ్లకు దండ కట్టలేదు. సావుకారు బండికి మాత్రం కట్టక తప్పదు, అది ఉద్యోగం.

కార్ల మీద అంకెలు ఇంగ్లీషువి. అత్తకు తెలుగు అంకెలే వచ్చు. నా బడి పలక తీసుకుని ఇంగ్లీషు అంకెలు దిద్దింది. ఆ తర్వాత నేను అంకెలు నేర్పిన వాళ్ళలో కూడా అంత తొందరగా నేర్చుకున్నది, అంత చిరాకుగా నేర్చుకున్నది ఇంకెవరూ లేరు. మూడూ ఎనిమిదీ దగ్గర ఆగేది. "సగం పసుపు పడితే ఇది అదైపోతాది, చూడు" అనేది.

మరుసటి ఏడు ఆయుధపూజ నాడు ఒక చెంబుతో నీళ్ళు, ఒక పాత గుడ్డ తీసుకుని మా వీధి మూలకు వెళ్ళి నిలబడింది. ఆ మూల దగ్గర ప్రతి బండీ నెమ్మదించక తప్పదు. మొదట వచ్చింది ఒక లాయరు గారి కారు. ఆమె ఎదురుగా వెళ్ళి, దండ పైకెత్తి, పలక తుడవడం మొదలుపెట్టింది. డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఏయ్, ఏం చేస్తా ఉండావమ్మా? పూజ చేసిన గాడి అది!"

"పూజకు నేను అడ్డం రాలేదప్పా. నంబరుకు అడ్డం వచ్చిండేది తీస్తా ఉండా."

"ముండమోసిన చేత్తో బొట్టు తుడిచేస్తావా, పండగపూట!"

"నా బొట్టు తుడిచింది ఇట్లాంటి గాడే. అది పండగని చూసిందా?"

డ్రైవరు తల లోపలికి తీసుకున్నాడు. ఆమె తుడిచే పని ఆపలేదు. "బొట్టు కావల్నంటే బానెట్టు మీద పెట్టుకో. ఎంత పెద్దది పెట్టుకున్నా నేను అడగను" అంది.

ఆ రోజు కొందరు ఆమెను తప్పించుకుని పోయారు, కొందరు తిట్టారు. ఒకడు బండి ఆమె మీదికి ఉరికించినట్టు చేసి ఆపాడు. ఆమె కదల్లేదు, నంబరు చదివింది. చివరికి ఎవరో పోలీసును పిలుచుకొచ్చారు. ఆయన బతిమాలాడు.

"ఇంటికి పో తల్లీ. సుమ్నే ఊరికే ఎందుకు గలాట?"

"ముందు నంబరు కనపడాలని మీ రూలు ఉండాదా లేదా?"

"ఉండాదమ్మా. పండగ నాడు ఎవురూ చూడరు."

"పండగ నాడు గాడి కొడితే దెబ్బ తగలదా?"

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. పోలేదు, ఆపలేదు. కాసేపు పక్కన నిలబడి చూసి, తర్వాత ఎటో వెళ్ళిపోయాడు.

వీధిలో ఆమెకు పేర్లు పెట్టారు. ఆ పేర్లు రాయను. ఆమె మూల మీద ఉంటుందని తెలిసి కొందరు డ్రైవర్లు పక్క సందులోంచి తిప్పుకుని పోయేవాళ్ళు. ఒకరిద్దరు మాత్రం బొట్టు బానెట్టు మీద పెట్టి, "చూసుకోమ్మా, నీ ఇష్టప్రకారమే" అని ఆమె ముందు ఆపి పోయారు. ఆ రెండు బండ్లకు ఆమె దారి చూపిస్తూ చెయ్యి ఊపింది.

1945లో యుద్ధం ముగిసింది. ఆ నవరాత్రుల ముందు సావుకారు గారు అత్తను పిలిపించారు. నన్ను తోడు పంపింది మా అమ్మ. షెడ్డు ముందు ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. లోపల కారు నిగనిగలాడుతోంది. నాన్న ఒక పక్కగా నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డ ఉంది కానీ దేన్నీ తుడవడం లేదు.

"చూడమ్మా, యుద్ధం అయిపాయ. నేను డ్రమ్ము తీయించేసినా" అన్నారు సావుకారు. "ఎనక నంబరు అద్దం మాదిరి కనపడతా ఉండాది. ఇంక ముందుదాని గొడవ ఎందుకు? నన్నడిగితే ముందు అసలు ఉండకూడదంటా. ఇంటికి లక్ష్మి మాదిరి వచ్చిన గాడి. దాని ముఖం మీద నంబరేసేకి ఇదేమన్నా ఖైదీనా?"

"నీ అంగడి బోర్డు ఎనక గోడకు పెట్టినావా సావుకారూ, ముందు పెట్టినావా?"

సావుకారు నవ్వేశారు. నాన్న నవ్వలేదు.

"అది యాపారం కదమ్మా. గిరాకీ రావల్ల."

"ఇది ప్రాణం. పారిపోయే గాడి ఎనక భాగం వీధంతా చూస్తాది. మీదికొచ్చే గాడి ఎవరిదో, కింద పడేవాడికి తెలియాల్నా వద్దా? మా ఆయన దాని ముఖమే చూసినాడు. ఆఖరుగా చూసింది అదే. అందులో పూలు తప్ప ఏమీ లేవు."

సావుకారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "నీ దుక్కం నాకు తెల్దా? ఆ పొద్దు గాడి ఇచ్చింది నేనే కదా. అయినా చెప్తా ఉండా, విను. ఈసారి మా ఇంటామె తన చేతుల్తో పసుపు పూసి, బొట్టు పెట్టి, గుడికి తీస్కపోతాది. ఆమెకు ఈ శకునాలంటే ప్రాణం. ఆ బొట్టు మీద నీ చెయ్యి పడిందంటే, నీ తమ్ముడు మర్నాడు ఈ షెడ్డుకు రానక్కర్లేదు. నన్ను చెడ్డోణ్ణి చెయ్యద్దు."

దారిలో అత్త మామూలు కంటే వేగంగా నడిచింది. ఇంట్లో మా అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "వదినా, ఊళ్ళో ఇన్ని గాడ్లు ఉండాయి. ఆ ఒక్కటి వదిలెయ్యి. ఇంట్లో ఇంతమంది ఆ జీతం మీదే ఉండాము." అత్త చెంబు తీసుకుని పెరట్లోకి పోయింది. ఆ వారమంతా ఆమె గడపకూ పెరటికీ మధ్య తిరుగుతూనే ఉంది. గిన్నె తోమి, తోమిన గిన్నె మళ్ళీ తోమేది. నాన్న ఇంటికి వస్తే ఆమె పెరట్లోకి పోయేది, ఆమె లోపలికి వస్తే ఆయన బయటికి పోయేవాడు.

నవమి నాడు ఆమెను ఇంట్లోనే ఉంచమని అమ్మ నన్ను కాపలా పెట్టింది. నేను తలుపుకు అడ్డంగా కూర్చున్నాను. ఆమె చెంబు ముంచుకుని వచ్చి, "లెయ్ పాపా" అంది. నేను లేచాను. ఆమె "లెయ్" అంటే లేవకుండా ఉండగలిగిన వాళ్ళను మా ఇంట్లో నేను చూడలేదు. వెనకే పరుగెత్తాను.

మూల దగ్గర చాలా బండ్లే వచ్చాయి. ఆమె తుడుస్తోంది, చదువుతోంది. నా కళ్ళు చిక్కపేట వైపే ఉన్నాయి. పదకొండు దాటిన తర్వాత సావుకారు కారు వచ్చింది. రెండు పక్కలా అరటి పిలకలు, ముందు నడుము లావు దండ. వెనక సీట్లో సావుకారు, ఆయన భార్య. స్టీరింగు దగ్గర మా నాన్న. అత్తను చూసి ఆయన బండిని బాగా నెమ్మదించాడు. ఆమె రోడ్డు మధ్యకు వచ్చింది. బండి ఆగింది.

ఆమె చేతిలో గుడ్డ నీళ్ళు కారుతోంది. రెండడుగులు వేస్తే పలక అందుతుంది. ఆమె వెయ్యలేదు. పలకను చూసింది, అద్దంలోంచి తమ్ముణ్ణి చూసింది, మళ్ళీ పలకను చూసింది. ఎప్పుడూ ఒకచోట కాలు నిలవని మనిషి అక్కడే నిలబడిపోయింది. అడ్డం తొలగలేదు, ముందుకూ రాలేదు. వెనక జట్కావాడు అరుస్తున్నాడు.

"పోనియ్యప్పా, ఏం చూస్తా ఉండావు?" అన్నారు సావుకారు.

నాన్న తలుపు తీసుకుని దిగాడు. అత్త దగ్గరికి వచ్చి ఆమె చేతిలో గుడ్డ తీసుకున్నాడు. దండ పక్కకు జరపబోయాడు, అది జరగలేదు. తాను కట్టిన ముడే. తెంచాడు. పూలు రోడ్డు మీద పడ్డాయి. ఒంగి పలక తుడిచాడు.

సావుకారు భార్య "అయ్యో" అని చెంపలు వేసుకుంది. సావుకారు ముఖం ఎర్రబడింది. "దిగినోడివి దిగినట్టే పో. ఇంక నా గాడి ముట్టద్దు!"

"సరే సామీ" అన్నాడు నాన్న.

అందరూ అలాగే ఉండిపోయారు. బండి రోడ్డు మధ్యలో ఉంది. వెనక జట్కాలు, సైకిళ్ళు చేరుతున్నాయి. అప్పుడు సావుకారు భార్య మెల్లగా అడిగింది. "ఇప్పుడు గాడి నడిపేదెవరండీ?"

జట్కావాడు పెద్దగా నవ్వాడు. సావుకారు అటూ ఇటూ చూసి, "గుడి దాకా పోనిచ్చి, మళ్ళా షెడ్డులో పెట్టి, ఆమీద పో" అన్నారు.

నాన్న ఎక్కబోతుంటే అత్త ఒంగి పలకను పరీక్షగా చూసింది. "నిలబడప్పా. ఆ మూలన పసుపు ఇంకా ఉండాది. కడపటిది మూడో ఎనిమిదో తెలిసేలా లేదు." ఆయన మళ్ళీ వెనక్కి వచ్చి ఆ మూల రుద్దాడు. ఎనిమిది. ఆమె ఆ నంబరు మొత్తం వీధికి వినిపించేలా చదివింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి సావుకారుతో అంది. "ఇప్పుడు నువ్వెవరో ఎదురొచ్చేవాడికి తెలుస్తాది. ఇంక నిదానంగానే పోతావు, పో."

కారు కదిలింది. నిజంగానే చాలా నిదానంగా పోయింది.

నేను ఇంటికి పరుగెత్తి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగి, బియ్యం డబ్బా మూత తీసి చూసింది. ఆ తర్వాత నాన్నకు పని దొరకడానికి సంక్రాంతి కూడా దాటింది, దొరికింది కూడా లారీ మీద. ఆ నెలలు ఎలా గడిచాయో అమ్మకు తెలుసు, నాకు కొంత తెలుసు.

ఆ నవమి సాయంత్రం నాన్ననూ అత్తనూ అన్నానికి పిలుచుకురమ్మని అమ్మ నన్ను పంపింది. నాన్న అప్పుడే షెడ్డులో బండి పెట్టి, తాళం చెవి మేకుకు తగిలించి, నడిచి వస్తున్నాడు. అత్త ఇంకా మూల మీదే ఉంది. తన తమ్ముడు రావడం చూసింది కానీ ఏమైందని అడగలేదు, ఆమెకు ఒక బండి ఎదురుగా వస్తోంది. నాన్న ఆమెను దాటి ఇంటి వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. కొళాయి దగ్గరికి వెళ్ళి భుజం మీది తువ్వాలు తడిపి పిండి, రోడ్డుకు అవతలి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

నేను పిలవడం మర్చిపోయాను. దండు వైపునుంచి వచ్చే బండ్లను ఆమె చూసుకుంది. దండు వైపు పోయే బండ్లను ఆయన చూసుకున్నాడు.